ముప్పై ఒక్క ప్రశ్నలతో జూ నుంచి తిరిగొచ్చాం

ఫోన్ పక్కన పెట్టకుండానే ఒక చిన్న పరీక్ష. మీ వీధిలో తిరిగే పిల్లి కళ్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మిట్టమధ్యాహ్నం ఎండలో దాని కంటిపాప సన్నగా, నిలువు గీతలా కనిపిస్తుంది. మేక కళ్లు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? అందులో గీత అడ్డంగా ఉంటుంది. మరి పులి కంటిపాప?

‘పిల్లి జాతే కదా, నిలువుగానే ఉంటుంది’ అంటారు చాలామంది. కాదు. పులి కంటిపాప మనకున్నట్టే గుండ్రంగా ఉంటుంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకంలోనో, యూట్యూబ్‌లోనో దొరకలేదు. నందిగామలో నాలుగో తరగతి చదువుతున్న మా అక్క కూతురు అడిగింది. హైదరాబాద్ జూలో నేను ఫోన్‌లో జూమ్ చేసి తీసిన పులి ఫొటో చూస్తూ, "మామయ్యా, దీని కళ్లు మన పిల్లి కళ్లలా లేవేంటి?" అంది. అక్కడికక్కడ నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక ఇద్దరం కూర్చుని వెతికాం.

జవాబు దొరికింది. 2015లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ శాస్త్రవేత్తల బృందం 214 రకాల నేల జంతువుల కళ్లను పోల్చి చూసింది. పొంచి ఉండి దూకే, ఎత్తు తక్కువున్న జంతువులకు నిలువు గీత పనికొస్తుంది. ఎర ఎంత దూరంలో ఉందో కచ్చితంగా అంచనా వేయడానికి అది సాయపడుతుంది. పులి, సింహం లాంటి ఎత్తైన వాటికి ఆ అవసరం తక్కువ. గడ్డి మేసే వాటికేమో అడ్డగీత వల్ల నేల మీద అటూ ఇటూ చాలా దూరం కనిపిస్తుంది. శత్రువు ఏ పక్క నుంచి వచ్చినా తెలిసిపోతుంది. ఇంకో తమాషా ఏంటంటే, మేక తల వంచి మేస్తున్నా ఆ గీత నిలువుగా అయిపోదు. నేలకు సమాంతరంగానే ఉండేలా కనుగుడ్డు లోపల్లోపలే తిరిగి సర్దుకుంటుంది.

ఇది చదివాక మా మేనకోడలు చేసిన మొదటి పని, పక్కింటి వాళ్ల మేక దగ్గరికి పరిగెత్తడం. నిజమో కాదో చూసుకోవాలి కదా!

‘సైన్స్ నాకు రాదు మామయ్యా’

అసలు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. దసరా సెలవులకు అక్కా, పిల్లా జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చారు. బ్యాగ్‌లోంచి ఒక స్లిప్ టెస్ట్ పేపర్ బయటపడింది. ‘ఉభయచరాలకు రెండు ఉదాహరణలు రాయండి’ అన్న ప్రశ్నకి కప్ప, మొసలి అని రాసింది. కప్పకి టిక్కు. మొసలికి ఎర్ర ఇంటూ.

"మొసలి నీళ్లలోనూ ఉంటుంది, నేల మీదా ఉంటుంది. మరి ఉభయచరం ఎందుకు కాదు?" అని క్లాసులో అడిగిందట. "బుక్‌లో సరీసృపం అని ఉంది, అదే రాయి" అన్నారట. ఆ తర్వాత తను ఇంక ఏమీ అడగలేదు. "సైన్స్ నాకు రాదు మామయ్యా, మ్యాథ్సే బెటర్" అని తేల్చేసింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ తప్పు జవాబు వెనక మంచి ఆలోచన ఉంది. ఉభయ, చర అని పేరులోనే ఉంది కదా! రెండు చోట్లా తిరిగేదాన్ని అలా అనకూడదా అని ఎవరికైనా అనిపిస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లకి కావల్సింది మార్కు కాదు, ‘ఎందుకు కాదు’ అన్నదానికి జవాబు. అది దొరక్కపోతే పిల్లలు తప్పు ప్రశ్నలో ఉందనుకోరు, తమలోనే ఉందనుకుంటారు.

సరే, మొసలిని చూసే తేల్చుకుందాం పద అన్నాను.

మా వైపు జూ లేదు. మన రాష్ట్రంలో పెద్ద జూలు విశాఖపట్నంలో, తిరుపతిలో ఉన్నాయి. జగ్గయ్యపేట, నందిగామ వాళ్లకి ఆ రెండిటికంటే హైదరాబాదే దగ్గర. తెల్లవారుజామున 65వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి, గరికపాడు చెక్‌పోస్ట్ దాటి, కోదాడ, సూర్యాపేట మీదుగా వెళ్తే జూ గేటు తెరిచే వేళకి చేరిపోవచ్చు. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉన్న నెహ్రూ జూలాజికల్ పార్కు 1963 అక్టోబర్ 6 నుంచి జనానికి తెరిచి ఉంది. అన్నీ చూడాలంటే ఒక రోజు చాలదు.

అందుకే దారిలోనే ఒక ఒప్పందం చేసుకున్నాం. అన్నీ చూడం. ఐదారు జంతువులే. ఒక్కోదాని దగ్గర కనీసం పది నిమిషాలు. ఒక నోట్‌బుక్‌లో ప్రతి పేజీకి మధ్యలో గీత. ఎడమ వైపు ‘చూసింది’, కుడి వైపు ‘అనుకుంటున్నది’. ఈ రెండూ కలిసిపోకూడదు. ‘మొసలి నోరు తెరిచి ఉంది’ అన్నది ఎడమ వైపు. ‘మొసలికి ఆకలేస్తోంది’ అన్నది కుడి వైపు. ఆఫీసులో బగ్ వచ్చినప్పుడు మేం చేసేదీ అంతే. ఏం జరిగింది అన్నది వేరు, ఎందుకు జరిగి ఉంటుంది అన్నది వేరు. రెండూ కలిపేస్తే రాత్రంతా కూర్చున్నా బగ్ దొరకదు.

మొసలి దగ్గర తేలిన పంచాయితీ

మొసలి దగ్గర మొదటి మూడు నిమిషాలు ఏమీ జరగలేదు. చుట్టూ ఉన్నవాళ్లు "బొమ్మేమో" అనుకుని వెళ్లిపోయారు. మేం నిలబడ్డాం. నోరు తెరుచుకుని ఎండలో పడుకుంది, కదల్లేదు. ‘ఆకలి’ అని కుడి వైపు రాసింది మా పిల్ల. పక్క నుంచి కొంగ నడుచుకుంటూ పోయినా మొసలి పట్టించుకోలేదు. ‘ఆకలి’ని కొట్టేసింది. నేనేమీ చెప్పలేదు. చూసింది, అనుకున్నది, తనే సరిపోల్చుకుని తనే కొట్టేసింది. సైన్స్ జరిగేది ఇలాగే.

మరి నోరెందుకు తెరిచింది? మన ఒంట్లో వేడి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. చలికాలమైనా, మే నెల రోహిణి కార్తె అయినా అంతే. మొసలికి అలాంటి ఏర్పాటు లేదు. ఒంటికి వేడి కావాలంటే ఎండలోకి రావాలి, ఎక్కువైతే నీడకో నీళ్లలోకో పోవాలి. నోరు తెరిస్తే లోపలి తడి ఆవిరై తలకి చల్లదనం అందుతుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇదీ.

ఇక అసలు విషయం. "దాని తోలు చూడు, కప్ప తోలులా ఉందా?" అన్నాను. లేదు. గట్టి పొలుసులు, పొడిగా ఉంది. కప్ప తోలు పల్చగా, తడిగా ఉంటుంది. ఆ తడి తోలు గుండా కూడా అది గాలి పీల్చుకుంటుంది. ఎండలో ఇలా గంటల తరబడి పడుకుంటే కప్ప ఎండిపోతుంది. కప్ప గుడ్లకి పెంకు ఉండదు, నీళ్లలోనో తడిలోనో పెట్టాలి. పిల్లలు ముందు తోకకప్పలుగా నీళ్లలో పెరిగి, ఆ తర్వాతే గట్టెక్కుతాయి. మొసలి గుడ్డుకి కోడిగుడ్డుకి ఉన్నట్టు పెంకు ఉంటుంది. నేల మీద గూటిలో పెడుతుంది. పొదిగి బయటికొచ్చిన పిల్ల అచ్చం చిన్న మొసలే.

"అంటే ఎక్కడ తిరుగుతుందో కాదు, ఎలా పుట్టి పెరుగుతుందో చూసి పేరు పెట్టారన్నమాట" అంది. నేను ఒక పేజీ వివరణ ఇచ్చినా ఇంత సూటిగా చెప్పలేను. పేరు మాత్రం గందరగోళంగానే ఉందని ఒప్పుకున్నాం.

బోనస్‌గా ఇంకోటి చెప్పాను. మొసలి గుడ్డులోంచి ఆడపిల్ల వస్తుందా, మగపిల్ల వస్తుందా అన్నది గూటిలోని వేడిని బట్టి తేలుతుంది. మనకైతే తల్లిదండ్రుల నుంచి వచ్చే క్రోమోజోముల్లోనే అది రాసి ఉంటుంది. వెంటనే వచ్చింది ప్రశ్న: "మరి ఎండలు బాగా పెరిగిపోతే అన్నీ ఒకటే రకం పుడతాయా?" మొసళ్ల గురించి, తాబేళ్ల గురించి పరిశోధించే వాళ్లని నిజంగానే వేధిస్తున్న ప్రశ్న ఇది. నోట్‌బుక్‌లో దాని చుట్టూ గుండ్రంగా గీసింది.

సాసర్‌లో టీ, ఏనుగు చెవి

ఏనుగు దగ్గర తను చేసిన మొదటి పని చెవులు ఊపడం లెక్కపెట్టడం. ఈగల్ని తోలుకోవడానికి అనుకుంది. కొంత నిజమే. కానీ అసలు కథ మా తాతయ్య టీ తాగే పద్ధతిలో ఉంది. గ్లాసులో టీ కాలిపోతుంటే తాతయ్య సాసర్‌లో పోసుకుంటారు. పల్చగా పరుచుకుంటుంది, గాలి తగులుతుంది, చిటికెలో చల్లారుతుంది.

ఏనుగు మూడు నాలుగు టన్నుల శరీరం. ఒళ్లు పెద్దదయ్యే కొద్దీ లోపలి వేడితో పోలిస్తే దాన్ని బయటికి పంపే చర్మం తక్కువవుతుంది. గ్లాసెడు పాలు త్వరగా చల్లారతాయి, గంగాళం నిండా కాచిన పాలు గంటలైనా వేడిగానే ఉంటాయి. ఏనుగు ఆ గంగాళం. చెవి దాని సాసర్. పల్చటి చర్మం కింద వలలా అల్లుకున్న రక్తనాళాలు ఉంటాయి. వాటిలోకి వేడి రక్తం వస్తుంది, చెవి ఊపితే గాలి తగిలి చల్లబడి ఒంట్లోకి తిరిగి వెళ్తుంది.

ఎక్కడైనా కూర్చుని చేయగలిగే ఇంకో లెక్క కూడా చేశాం. మణికట్టు మీద వేలు పెట్టి పదిహేను సెకన్లు నాడి లెక్కపెట్టమన్నాను. 22 వచ్చింది. అంటే నిమిషానికి 88. ఏనుగు గుండె నిమిషానికి 30 సార్లకు కాస్త అటూ ఇటూగా కొట్టుకుంటుంది. మన ఇంట్లో తిరిగే చిట్టెలుకకి 500 దాటుతుంది. చిన్న ఒళ్లు గ్లాసులో పాలలాంటిది, వేడి ఇట్టే జారిపోతుంది. పొయ్యి మండుతూ ఉండాలంటే గుండె పరిగెత్తాల్సిందే.

నీటి ఏనుగు దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. అది నీళ్లలోంచి బయటికి రానంది. దాని చర్మం మీద ఊరే జిగురు కాసేపటికి ఎర్రగా మారుతుంది. ఎండ నుంచి కాపాడుతుంది, సూక్ష్మక్రిములు పెరగకుండా అడ్డుకుంటుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2004లో దాని రసాయనం తేల్చారు. ఇంకో మాట: ఇప్పుడు బతికున్న జీవుల్లో నీటి ఏనుగుకి అతి దగ్గరి చుట్టం ఏనుగు కాదు, గుర్రమూ కాదు. తిమింగలం! డీఎన్ఏ చెప్పిన చుట్టరికం ఇది.

‘నువ్వు కూడా అంతేగా మామయ్యా!’

హైదరాబాద్ జూలో తప్పకుండా చూడాల్సింది రాత్రిపూట తిరిగే జంతువుల ఇల్లు. బయట పట్టపగలు, లోపల చీకటి. అడుగు పెట్టగానే ఏమీ కనబడదు. ఐదు నిమిషాలు ఓపిక పడితే కళ్లు అలవాటుపడి, ఒక్కొక్కటీ కదలడం మొదలవుతుంది. దేవాంగపిల్లి జాతివి, గబ్బిలాలు, గుడ్లగూబలు.

చాలామంది ఆ ఐదు నిమిషాలు ఆగరు. "ఏముందిక్కడ, చీకటి" అంటూ ఫోన్ లైట్ వేస్తారు. అంతే, లోపలి జంతువులకీ, బయట నిలబడ్డ మనకీ చూపు పోయినట్టే. అక్కడ ఫోన్ జేబులో పెట్టండి ప్లీజ్.

ఈ ఏర్పాటు వెనక సంగతి ఇది. రాత్రిళ్లు అక్కడ లైట్లు వేస్తారు, పగలు ఆర్పేస్తారు. ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. దాన్ని సరిచేసేది ముఖ్యంగా వెలుతురు. లైట్లు తిప్పేస్తే కొన్ని రోజులకి ఆ గడియారమూ తిరుగుతుంది. మనం చూసే వేళకి జంతువులకి రాత్రి అవుతుంది. ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో ఈగల మీద ప్రయోగాలతో కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా వింటూ వింటూ, "నువ్వు కూడా అంతేగా మామయ్యా. రాత్రంతా ట్యూబ్‌లైట్ వేసుకుని అమెరికా వాళ్లతో మాట్లాడి, పగలు కర్టెన్ వేసుకుని పడుకుంటావ్" అంది. అక్క పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను కానీ, ఆ మాట నిజం. నైట్ షిఫ్టులు చేసే మనలాంటి వాళ్లకి ఆకలి వేళలు, నిద్ర వేళలు తారుమారయ్యేది ఈ గడియారం వల్లే.

నోట్‌బుక్‌లో అన్నిటికంటే కష్టమైన పేజీ

సింహం దగ్గర తను చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత అడిగింది: "దీనికి ఇక్కడ ఉండటం ఇష్టమేనా?"

ఆ మధ్య తను ఒక రీల్ చూసిందట. ఏదో దేశంలో ఎలుగుబంటి ఒకే చోట అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తిరుగుతూనే ఉంది. కింద కామెంట్లలో అందరూ ‘డ్యాన్స్ చేస్తోంది’ అని నవ్వే బొమ్మలు పెట్టారు. "అది డ్యాన్స్ కాదు కదా?"

కాదు. బందీగా ఉన్న జంతువులు ఒకే కదలికని పనీపాటా లేకుండా మళ్లీ మళ్లీ చేయడం మీద చాలా పరిశోధన జరిగింది. 2003లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఇద్దరు ‘నేచర్’ పత్రికలో ఒక విషయం బయటపెట్టారు. అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే మాంసాహారి అయితే, బోనులో అంత ఎక్కువగా ఇలా పచార్లు చేస్తుంది. వాటి పిల్లలు చనిపోవడమూ ఎక్కువే. అందుకే ఇప్పుడు మంచి జూలు చోటు పెంచుతున్నాయి. తిండిని ఒకే గిన్నెలో పెట్టకుండా దాచిపెట్టి, వెతుక్కునేలా చేస్తున్నాయి.

మరి సింహాల్ని వదిలేయొచ్చు కదా అంటే, ఆసియా సింహం సొంతంగా తిరుగుతున్నది ప్రపంచం మొత్తం మీద గుజరాత్‌లోని గిర్ చుట్టుపక్కల మాత్రమే. 2018లో అక్కడ ఒక వైరస్ సోకి సింహాలు చనిపోయాయి. అన్నీ ఒకే చోట ఉంటే ఒక్క జబ్బు చాలు. వేరే చోట్ల కొన్నిటిని కాపాడుకోవడానికి అదో కారణం.

రెండు వైపులా వాదన విన్నాక, "నాకు ఇంకా తెలీలేదు" అని రాసుకుంది. నేను దాన్ని దిద్దలేదు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే తేల్చుకోలేని విషయం మీద నాలుగో తరగతి పిల్ల తొందరపడాల్సిన పని లేదు.

జూ వెనకాల ఒక ల్యాబ్

జూ అంటే బోనులు, బెలూన్లు, ఐస్‌క్రీమ్ బండ్లు మాత్రమే అనుకుంటాం. కానీ హైదరాబాద్ జూకి ఒక ల్యాబ్ తోడుంది. సీసీఎంబీ వాళ్లు అత్తాపూర్‌లో నడిపే ల్యాకోన్స్ అనే ప్రయోగశాల. అంతరించిపోయే జీవుల్ని కాపాడటమే దాని పని.

2021 మే నెల గుర్తుందా? కరోనా రెండో వేవ్ ఉధృతంగా ఉన్న రోజులు. జూలో ఎనిమిది సింహాలకి దగ్గు, జలుబు లాంటి లక్షణాలు వచ్చాయి. వాటికి మత్తు ఇచ్చి ముక్కు, గొంతుల నుంచి నమూనాలు తీశారు. అవును, మనకి పుల్లతో తీసినట్టే! సీసీఎంబీ పరీక్షలో పాజిటివ్ అని తేలింది. తర్వాత అవి కోలుకున్నాయి. మనిషి నుంచి జంతువుకి కూడా జబ్బు వెళ్తుందని మనకి కళ్లారా తెలిసిన సందర్భం అది.

ఇంకో కథ మూషిక జింకది. మౌస్ డీర్ అంటారు. మూడు కిలోలు తూగడమే గొప్ప. పేరులో జింక ఉన్నా అసలు జింక కాదు, కొమ్ములుండవు. ఏనుగు పక్కన పెడితే వెయ్యో వంతు. మన అడవుల్లో ఇది తగ్గిపోతుంటే 2010లో జూలో దీని సంతతి పెంచే పని మొదలుపెట్టారు. సంకోచం ఎక్కువ ఉన్న జీవి, మాటిమాటికీ పట్టుకుని సూది గుచ్చితే బెదిరిపోతుంది. మరి చూలుతో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పెంటికలు ఏరి, వాటిలోని హార్మోన్లు కొలిచారు!

ఇది విన్నాక మా పిల్ల నవ్వు ఆపడానికి పది నిమిషాలు పట్టింది. "పేడ ఏరే ఉద్యోగమా?" అని. అవును, పెద్ద చదువు చదివి చేసే ఉద్యోగం. ఆ పేడలోంచే ఈని కొద్ది గంటలకే ఇది మళ్లీ కట్టగలదని తెలిసింది. సంఖ్య పెరిగింది. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. బోనులో పుట్టినవి అడవికి వెళ్లాయి.

మన ఆకాశంలోంచి పోయిన పక్షి

ఈ జూలోనే రాబందుల్ని పెంచే కేంద్రం కూడా ఉంది. దాన్ని మేం చూడలేదు. కానీ జగ్గయ్యపేట తిరిగొచ్చాక ఆ రాత్రి ఎక్కువసేపు మాట్లాడుకున్నది దాని గురించే. ఎందుకంటే ఇది మా ఊరి కథ కూడా.

తాతయ్య చెప్పారు: "మా చిన్నప్పుడు గొడ్డు చచ్చిపోతే ఊరి బయట వేసి వచ్చేవాళ్లం. సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. ఆకాశంలో నల్లగా గుంపు కట్టేవి." జటాయువు కథ విన్న మా పిల్ల ఇంతవరకూ ఒక్క రాబందునీ చూడలేదు. నిజానికి నేనూ మా ఊళ్లో చూడలేదు.

1990ల నుంచి మన దేశంలో రాబందులు కుప్పకూలాయి. కొన్ని జాతుల్లో నూటికి తొంభై ఏడుకి పైగా పోయాయి. ఎందుకో ఏళ్ల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. ఏదో వైరస్ అనుకున్నారు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని కోసి చూసిన శాస్త్రవేత్తలు 2004లో అసలు దోషిని పట్టుకున్నారు. డైక్లోఫెనాక్. మనం ఒళ్లు నొప్పులకి వేసుకునే మందే. పశువులకి నొప్పి తగ్గడానికి ఇచ్చేవాళ్లు. ఆ పశువు కొద్ది రోజుల్లోపే చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడైపోయేవి.

"అన్ని గొడ్లకీ మందు వెయ్యరు కదా?" అంది మా పిల్ల. మంచి పాయింట్. నూటికి ఒక్క కళేబరంలో మందు ఉన్నా చాలని లెక్క తేలింది. ఒక్క గొడ్డు మీద పదులకొద్దీ రాబందులు వాలతాయి. ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి. ఆ పిల్ల పెద్దదై గుడ్డు పెట్టడానికి మరో ఐదేళ్లు. వచ్చేవి నెమ్మది, పోయేవి వేగం. ఈ లెక్క నాలుగో తరగతి మ్యాథ్స్‌తోనే అర్థమవుతుంది. మ్యాథ్సే బెటర్ అన్న పిల్లకి కాగితం మీద అంకెలు వేసి చూపించాను. తను ఒక్క క్షణం మాట్లాడలేదు.

రాబందులు పోతే ఏమైంది? కళేబరాలు కుళ్లాయి, కుక్కలు పెరిగాయి, నీళ్లు పాడయ్యాయి. 2024లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2005 మధ్య మన దేశంలో దాదాపు ఐదు లక్షల మంది అదనంగా చనిపోవడానికి రాబందులు లేకపోవడమే కారణం. పశువులకి డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో మన ప్రభుత్వం నిషేధించింది. బదులుగా రాబందులకి హాని చేయని మెలోక్సికామ్ అనే మందు ఉంది.

ఈ ఒక్క కథలో బయాలజీ ఉంది, కెమిస్ట్రీ ఉంది, లెక్కలున్నాయి, పశువుల డాక్టర్ ఉన్నాడు, ప్రభుత్వం ఉంది, మన తాతయ్య జ్ఞాపకం ఉంది. సబ్జెక్టుల వారీగా పిరియడ్లు విడగొట్టింది స్కూలే కానీ, ప్రపంచం కాదు. మీ ఇంట్లో గేదెలుంటే, నొప్పికి ఏ మందు వేస్తున్నారో డాక్టర్ని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి విలువ ఉంది.

మీరు వెళ్లేటట్లయితే

పెళ్లికాని మామయ్యలు, పిన్నులు, అన్నయ్యలు, ఇది మీ కోసమే. పిల్లల్ని జూకి తీసుకెళ్లే డ్యూటీ ఎలాగూ మనమీదే పడుతుంది.

సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. వీలైతే ఆదివారం కాకుండా వేరే రోజు, అదీ పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కాక జంతువులు నీడకి పోతాయి, మనమూ పోతాం.

తక్కువ జంతువులు, ఎక్కువ సమయం. ఏవి చూడాలో పిల్లల్నే ఎంచుకోనివ్వండి.

బోర్డు మీదున్నది ముందే చదివేయకండి. ముందు చూడనివ్వండి, ఏదో ఒకటి అనుకోనివ్వండి, ఆ తర్వాత బోర్డు. గూగుల్ అన్నిటికంటే చివర.

‘ఏం తింటుంది’ అని పరీక్షలా అడగొద్దు. ‘దాని కాళ్లు చూసి ఏం తింటుందో చెప్పగలవా’ అని అడగండి. మొదటిదానికి గుర్తుంటే చాలు, రెండోదానికి ఆలోచించాలి.

జవాబు తెలీకపోతే ‘నాకూ తెలీదు, రాసుకో, చూద్దాం’ అనండి. దానివల్ల మన పరువేమీ పోదు.

ఇక జూకి డబ్బులు, టైము లేవంటారా? మా మెట్టలో ఒక చక్కర్ కొట్టండి. మునేరు ఒడ్డున నీళ్లలో నిలబడ్డ కొంగలు ఒంటికాలి మీదే ఎందుకు నిలబడ్డాయి? గేదె వెనకాలే నడిచే తెల్లకొంగకి దాంతో ఏం పని? పడుకుని నెమరు వేస్తున్న గేదె ఒక్క ముద్దని ఎన్నిసార్లు నములుతుంది? లెక్కపెట్టండి, రెండో ముద్దకీ అంతే వస్తుందేమో చూడండి. రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గర బల్లి తలకిందులుగా నడుస్తున్నా ఎందుకు పడిపోదు?

మా నోట్‌బుక్‌లో మొత్తం 31 ప్రశ్నలు తేలాయి. పన్నెండింటికి జవాబులు దొరికాయి. కొన్నిటికి వెతుకుతున్నాం. మూడు నాలుగింటి పక్కన ‘ఇంకా ఎవరికీ తెలీదట’ అని రాసి, కింద రెండు గీతలు గీసింది మా మేనకోడలు. అలాంటివే తనకి బాగా నచ్చాయట. వాటిలో ఒకటి మీకూ ఇస్తున్నాను, మీ ఇంట్లో చిన్నవాళ్లని అడిగి చూడండి: ఏనుగు నిద్రపోయినప్పుడు కలలు కంటుందా? కంటుందని మనకెలా తెలుస్తుంది?